ముట్టుకుని చెప్పండి

సోమవారం పొద్దున్న పనిలోకి వచ్చి అరగంటైనా కాకముందే భూతద్దాన్ని బల్ల దగ్గర్నించి లేపేశారు.

భూతద్దం అంటే వస్తువు కాదు, మనిషి. నలభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి. ఆ తోలుసంచుల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఉత్తరం కిటికీ పక్కన ఆవిడ బల్ల. వచ్చిన ప్రతి తోలూ ముందు ఆ బల్ల మీద పడుకోవాలి, ఆవిడ వేళ్ళ కిందనుంచి పోవాలి, ఆ తర్వాతే కత్తెరకి. ముళ్ళకంచె గీరుకున్న గీత, ఈగ కుట్టిన చుక్క, పశువు బతికుండగా లోపల పురుగు తొలిచి మానిన బొడిపె, ఏదీ ఆవిడ చేతిని దాటిపోదు. కనపడిన చోటల్లా వెండిరంగు పెన్నుతో సున్నా చుడుతుంది. సున్నా పడిన చోటు సంచీకి బయటివైపు రాకూడదు. యజమాని స్వయంగా వచ్చి బతిమాలినా ఆ సున్నా చెరపదు.

"లే. ఇవాళ్టి నుంచి ప్యాకింగుకి వెళ్ళు," అంది మేస్త్రమ్మ. హాలంతా ఆవిడ అజమాయిషీలోనే నడుస్తుంది. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరినవాళ్ళు, ఒకరినొకరు నువ్వనే పిలుచుకునేవాళ్ళు.

"ఎందుకో?"

"ఎందుకేమిటి? వెళ్ళమంటే వెళ్ళాలి."

"ఎందుకో చెప్తే ఇంకాస్త తొందరగా వెళ్తాను."

మేస్త్రమ్మ గొంతు తగ్గించాననుకుంది గాని నాలుగు బల్లల దాకా వినపడింది. "నీ వంటి మీద ఏవో పొక్కులున్నాయటగా. బట్టలు మార్చుకునే గదిలో చూశారు. తోళ్ళ నుంచి నీకొచ్చాయో, నీ నుంచి తోళ్ళకి పోతాయో, ఎవరికి తెలుసు? అందరూ హడలిపోతున్నారు."

చూసిందెవరని అడగక్కర్లేదు. జిగురు డబ్బాల దగ్గర పనిచేసే జిగురావిడ అప్పటికే ఏప్రాన్ సర్దుకుంటూ బల్ల పక్కన నిలబడి ఉంది. చూసింది ఆవిడే, చెప్పింది ఆవిడే, ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చోబోయేదీ ఆవిడే. ఏనాడూ తోలు ఏరిన పాపాన పోని మనిషి! వంట్లో సంగతి అలా ఉంచి, ముందు ఆ అన్యాయానికే భూతద్దానికి ఒళ్ళు మండిపోయింది.

"అవి పొక్కులు కావు. అంటుకునేవి అంతకంటే కావు."

"నువ్వేమైనా డాక్టరువా?"

"నువ్వు డాక్టరువా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రమ్మ మొహం కందగడ్డలా చేసుకుంది. "అంటుకోదని డాక్టరు చేత రాయించుకురా. ఆ క్షణమే నీ బల్ల నీది. అందాకా ప్యాకింగే."

"రాయించుకొస్తా. అందరూ వినండి, మాటిచ్చింది."

అనేసి పెన్నుకి మూత పెట్టి లేచింది. లోపలి మొక్కు మాత్రం వేరు. అది అంటుకునే రోగమైతే ఎంత బావుండునో అని నాలుగు వారాలుగా మొక్కుకుంటున్నది తనే మరి. మూడేళ్ళ కిందట కుడి రొమ్ము తీసేసిన కుట్టు పక్కన లేచాయి ఆ బొడిపెలు. గజ్జైతే బావుండును. తామరైతే బావుండును. తోళ్ళ రంగు పడక వచ్చినవైతే ఇంకా బావుండును. అలాంటివి అంటుకుంటాయి, దురద పెడతాయి, మందు రాస్తే పోతాయి. అంటుకోదని ఎవరైనా కాగితం రాసిచ్చారంటే, అదే కాగితం మీద రెండో మాట కూడా ఉంటుంది. ఆ రెండో మాట వస్తేగాని బల్ల రాదు. తెలియక పెట్టినా భలే పీటముడి పెట్టింది మేస్త్రమ్మ.

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, చొక్కా విప్పి కిటికీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"వదినా, ఇలా రా. అచ్చు తీద్దాం."

వదిన అంటే భూతద్దం మొగుడికి అక్క. బడిలో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరై తమ్ముడింట్లో ఉంటోంది. తమ్ముడు లారీ మీద వెళ్తే పదేసి రోజులు రాడు కాబట్టి ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే. కీచులాడుకోకుండా వాళ్ళకి పూట గడవదు, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళకి టీ గొంతు దిగదు.

అచ్చు అంటే ఫ్యాక్టరీ పనే. ఖరీదైన తోలు వచ్చినప్పుడు దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, మచ్చలన్నీ ఆ కాగితం మీదికి ఎక్కించుకుంటారు. ఎక్కడ కోయాలో ఎక్కడ కోయకూడదో కాగితం చూసి తేల్చుకుంటారు. నాలుగు వారాల కిందట ఆరోగ్యకేంద్రం డాక్టరు ఆయింట్‌మెంటు రాసిచ్చిన రోజునే తన వంటి మీదా ఒక అచ్చు తీయించుకుంది. మందు పనిచేస్తే తగ్గాలి, లేకపోతే పెరగాలి, కంటిని నమ్ముకుంటే ఏ రోజుకారోజు సర్దుకుపోతుందని ఆవిడ లెక్క. ఆ రోజు కాగితం మీద మూడు సున్నాలు పడ్డాయి.

"ఊపిరి బిగపట్టు," అంది వదిన, కాగితాన్ని కుట్టు రెండు కొసలకీ సరిపెడుతూ. "కదలకు. కదిలితే కొలత పోతుంది."

"ఎంతసేపు బిగపట్టమంటావు, చావమంటావా?"

"నోరు మూసుకుంటే తొందరగా అవుతుంది."

వదిన ఒక్కో బొడిపె పక్కనా స్కేలు పెట్టి కొలిచి, అంకె వేసి, కింద తేదీ రాసింది. అంతకుముందే భూతద్దం వేలితో తడిమి చూసుకుని తన వెండిరంగు పెన్నుతో వంటి మీదే సున్నాలు చుట్టింది. తోలు మీదైతే ఆ రంగు గుడ్డతో తుడిస్తే పోతుంది. మనిషి ఒంటి మీద పోదని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. సబ్బు పెట్టి రుద్దినా పోలేదు, కొబ్బరినూనె రాసినా పోలేదు. వదిన నవ్వలేక చచ్చింది.

"బావుందే, రేపు డాక్టరు దగ్గరికి నగలు పెట్టుకుని వెళ్తున్నావు."

నవ్వు అయ్యాక రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఎత్తి పట్టుకున్నారు. మూడు తొమ్మిదయ్యాయి. మొదటి మూడింట్లో పెద్దది అప్పుడు మిరియపు గింజంత, ఇప్పుడు చొక్కా గుండీ అంత. కొత్తవి ఆరూ కుట్టు దాటి చంక వైపు బయలుదేరాయి. చుట్టూ చర్మం కాస్త ఎర్రబడి, నారింజ తొక్కలా గరుకుతేలింది.

"నాకైతే చెమటకాయల్లా ఉన్నాయే," అంది వదిన. ఆ మాట ఆవిడే నమ్మలేదు.

"నీ వేళ్ళు సుద్దముక్క పట్టుకోడానికే పనికొస్తాయి. ఇటియ్యి." వదిన చూపుడువేలు లాక్కుని పెద్ద బొడిపె మీద పెట్టి నొక్కించింది. "తోలైనా ఇంతే, ఒళ్ళైనా ఇంతే. పైన పుట్టిన మచ్చ పైపొరతో పాటు జారుతుంది. లోపలి నుంచి వచ్చింది వేలికి ఎదురు తిరుగుతుంది. జారిందా?"

వదిన వేలు వెనక్కి లాక్కుంది.

"నొప్పి లేదన్నావుగా మరి?"

"లేదు. అదే నాకు నచ్చడం లేదు. నొప్పి ఉన్నదైతే అరిచి చెప్తుంది. ఇది చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంది."

"వాడికి ఫోన్ చేద్దామా?"

"వద్దు. స్టీరింగు మీద ఉన్నవాడికి ఇలాంటివి చెప్పకూడదు. తేలాక నేనే చెప్తా."

మంగళవారం పొద్దున్నే ఆరోగ్యకేంద్రంలో మూడో నంబరు చీటీ దొరికింది. డాక్టరు కుర్రాడు, చెడ్డవాడు కాదు. గుమ్మం బయట అరవైమంది ఉంటే ఎవడికైనా చేతులకంటే కళ్ళే ముందు పనిచేస్తాయి. కుర్చీలోంచి కదలకుండా చూశాడు, వెండి సున్నాలు చూసి బెదిరిపోయాడు.

"ఇదేమిటండీ? ఎప్పుడొచ్చాయివి?"

"అది పెన్ను సార్. నేను గీసుకున్నది. లోపల ఉన్నవి చూడండి."

"ఓహో." ఊపిరి పీల్చుకుని చీటీ మీద రాయడం మొదలుపెట్టాడు. "తోళ్ళ పని కదూ మీది? రంగులు, రసాయనాలు. అలర్జీయే. ఆయింట్‌మెంటు మారుస్తాను. ఏం కాదు, భయపడకండి."

"మూడేళ్ళ కిందట రొమ్ము తీసేశారని మొన్నే చెప్పాను సార్."

"ఆ, రాసుంది. అది అయిపోయిందిగా. ఆపరేషన్ చోట చర్మం కాస్త అలాగే ఉంటుంది. నాలుగు వారాలు వాడి రండి. తర్వాత ఎవరు?"

తర్వాతావిడ లోపలికి తల పెట్టింది. భూతద్దం స్టూలు మీద నుంచి లేవలేదు. రెండు ప్లాస్టిక్ కాగితాలూ తీసి ఆయన రాస్తున్న చీటీ మీదే పరిచింది. పెన్ను ఆగిపోయింది.

"ఇది మీరు మందిచ్చిన రోజు. ఇది నిన్న. మీ మందు పూటకి రెండుసార్లు రాశాను, ఒక్క పూట తప్పలేదు. మూడు తొమ్మిదయ్యాయి. అలర్జీ అయితే రంగు తగిలే చేతులకి రావాలి గాని చొక్కా కింద కుట్టుని వెతుక్కుంటూ ఎందుకొస్తుంది?"

"చూడండమ్మా, డాక్టరు మీరా నేనా?"

"మీరే. అందుకే అడుగుతున్నాను. నాలుగు వారాల కిందటా ముట్టుకోలేదు, ఇవాళా ముట్టుకోలేదు. ఒక్కసారి ముట్టుకుని చెప్పండి. ముట్టుకుని కూడా ఏం కాదంటే నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

గుమ్మంలో ఉన్నావిడ తల వెనక్కి తీసుకుంది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. విసురుగానే లేచాడు, విసురుగానే గ్లౌజులు తొడుక్కున్నాడు. పెద్ద బొడిపె మీద వేలు పెట్టి కదిపాడు. ఇంకోదాన్ని కదిపాడు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి చేతిలో విసురు పోయింది. చంక కింద మెల్లగా, చాలాసేపు వెతికాడు. భూతద్దం ఆయన మొహం చూడలేదు, వేళ్ళనే చూసింది. వేళ్ళు అబద్ధం ఆడలేవు.

ఆయన గ్లౌజులు విప్పి, ఇందాకటి చీటీ చింపేసి, కొత్త కాగితం తీసుకున్నాడు.

"పెద్దాసుపత్రికి రాస్తున్నాను. రేపే వెళ్ళండి. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు." కాగితం అందిస్తూ, "నేను ముందే చూడాల్సింది," అన్నాడు.

"అవును," అంది భూతద్దం. ఏడుపొచ్చింది గాని ఆయన ముందు ఏడవదలుచుకోలేదు. కాగితాలు చుట్టుకుని బయటికొచ్చి, మెట్ల కింద నిలబడి ఏడ్చింది.

బుధవారం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ముక్క తీసింది. తిమ్మిరి సూది వేసి, పెన్సిల్ మందం ఉన్న గుండ్రటి బ్లేడుతో పెద్ద బొడిపె మధ్యలో ఒక్క తిప్పు తిప్పి, వచ్చిన ముక్కని చిన్న సీసాలో వేసి, పైన ఒకే ఒక్క కుట్టు వేసింది. బెల్టులకి కన్నాలు కొట్టే పనిముట్టు కూడా అలాగే ఉంటుందని భూతద్దం చెప్తే, "మాది మీ దానికంటే పదునుగా ఉందా?" అని అడిగిందావిడ. "మీది నయం," అంది భూతద్దం. ఫలితం సోమవారం వస్తుందన్నారు.

సోమవారం దాకా ప్యాకింగు గదిలో పని. సంచీలో నలిపిన కాగితం కూరడం, తేమ పీల్చే పొట్లం వెయ్యడం, పిడి మీద గుడ్డ చుట్టడం, డబ్బాలో పెట్టడం. బుర్ర అక్కర్లేని పని. మంచినీళ్ళ కుండ దగ్గర ఆవిడకి వేరే గ్లాసు పెట్టారు, అందరూ చూసేలా పైన ఎర్ర దారం కట్టి. మొదటి రోజు ఆ గ్లాసు చూసి ఆవిడ దోసిట్లో పోసుకుని తాగింది. రెండో రోజు అందరి గ్లాసుల్లో ఒకదాన్ని తీసుకుని, నిండా ముంచుకుని, గుటక గుటకకీ ఆగుతూ తాగింది. ఆ గ్లాసుని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

బుర్ర అక్కర్లేని పనికి కూడా ఆవిడ వేళ్ళు ఊరుకోవుగా. శుక్రవారం ఒక సంచీకి గుడ్డ చుడుతుంటే బయటివైపు, సరిగ్గా మూత కింద, పురుగు తొలిచిన బొడిపె తగిలింది. పక్కన పెట్టింది. తర్వాతది బావుంది. ఆ తర్వాతదానికి కంచె గీత, రంగు కింద దాక్కుని ఉంది. సాయంత్రానికి పదకొండు సంచులు పక్కన చేరాయి. వాటిని బండి మీద పేర్చుకుని, తోసుకుంటూ వచ్చి మేస్త్రమ్మ బల్ల ముందు ఆపింది.

"నిన్నెవరు చూడమన్నారు?" అంది మేస్త్రమ్మ.

"ఎవరూ చూడమనలేదు. వేళ్ళు ఊరుకోలేదు. పంపిస్తే పంపించు, తిరిగొస్తే నా దగ్గరికి రాకు."

మేస్త్రమ్మ ఒక సంచీ తీసుకుని మూత కింద బొటనవేలితో రాసి చూసింది. కటింగులో ఇరవయ్యేళ్ళు పనిచేసిన వేలది, దానికి తెలియకపోదు. ఆవిడ కిటికీ పక్క బల్ల వైపు చూసింది. జిగురావిడ తోలుని కంటికి ఆనించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తోంది, వేలు మాత్రం పెట్టడం లేదు.

"కాగితం తెచ్చావా?" అంది మేస్త్రమ్మ, సంచీ కింద పెట్టేస్తూ.

"సోమవారం."

"అయితే సోమవారమే మాట్లాడు."

సోమవారం వదిన కూడా ఆసుపత్రికి వచ్చింది. దారి పొడుగునా బస్సు డ్రైవరుని తిడుతూనే ఉంది. భయమేస్తే ఆవిడ ఎవర్నో ఒకర్ని తిట్టాలి.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చుట్టూ తిప్పకుండా చెప్పింది. "ఇది చర్మరోగం కాదమ్మా. మీ పాత జబ్బే. రొమ్ము క్యాన్సరు చర్మంలోకి వచ్చింది."

"తీసేశారుగా!" అంది వదిన, డాక్టరమ్మే దొంగలెక్క చేసినట్టు.

"గడ్డని తీసేశారు. ఆ చుట్టుపక్కల చర్మంలో కంటికి కనపడని సన్నటి దారులుంటాయి. అప్పటికే కొన్ని కణాలు వాటిల్లోకి జారి ఉంటాయి. ఏళ్ళ తరబడి ఏమీ చెయ్యకుండా పడుంటాయి, ఎప్పుడో లేస్తాయి. కుట్టు పక్కనే లేవడం ఎక్కువ. చాలామంది దద్దురనుకుంటారు, మొదట్లో డాక్టర్లు కూడా అనుకుంటారు. నొప్పీ దురదా లేకపోతే ఇంకా ఆలస్యమవుతుంది."

వదిన మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. భూతద్దం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ వార్త ఆవిడకి కొత్త కాదు, వేళ్ళు ఎప్పుడో చెప్పాయి. అయినా ఎక్కడో ఓ మూల, తన వేళ్ళు ఈ ఒక్కసారి తప్పయితే బావుండునని ఆశ ఉండేది. అది పోయింది.

"ముట్టుకుంటే అంటుకుంటుందా?"

డాక్టరమ్మ ఆ ప్రశ్న ముందు వస్తుందనుకోలేదు. "లేదు. ఎవరికీ అంటుకోదు."

"అయితే ఆ మాట రాసివ్వండి. తర్వాత మిగతావి చెప్పండి."

"ముందు మందుల సంగతి..."

"మందులు వేసుకుంటాను. ఎన్ని చెప్తే అన్ని వేసుకుంటాను. ముందది రాయండి, పెద్ద అక్షరాలతో. మా మేస్త్రమ్మకి కళ్ళజోడు లేదు."

రాసిచ్చింది. మిగతావీ చెప్పింది. వేరే చోట ఎక్కడైనా ఉందేమో స్కానులు తియ్యాలి. బొడిపె ముక్కని బట్టి ఏ మాత్రలు, ఏ ఇంజెక్షన్లు పనిచేస్తాయో తేలుతుంది. పూర్తిగా పోతుందని మాటివ్వలేను, అదుపులో ఉంచడానికి మాత్రం దారులు చాలా ఉన్నాయి, ఏళ్ళ తరబడి పనులు చేసుకుంటున్నవాళ్ళున్నారు. బొడిపె చితికితే రక్తం కారొచ్చు, వాసన రావచ్చు. సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా వస్తే దానికీ కట్లున్నాయి, మందులున్నాయి.

"నెల పోయింది నాకు," అంది భూతద్దం. "ఆ నెల లెక్కలోకి వస్తుందా?"

"ముందొస్తే మేలే." డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. బల్ల మీద ఉన్న రెండు అచ్చులూ ఎత్తి వెలుతురుకి పట్టుకుంది. "ఇవి మాత్రం ఆపకండి. లోపల ఉన్న జబ్బు తగ్గుతోందో లేదో తెలియాలంటే మాకు మిషన్లు కావాలి. ఇది పైనే ఉంది. మందు పనిచేస్తోందా లేదా అన్నది నాకంటే ముందు మీకే తెలుస్తుంది. పదిహేను రోజులకొకటి తీసి పట్రండి. ఎవరు కొలిచారు, ఇంత నీటుగా?"

"నేనే," అంది వదిన గుడ్డ వెనక నుంచి. ఏడుపు మధ్యలోనే కాస్త గర్వపడింది.

మంగళవారం పనివేళకి అందరికంటే ముందు వచ్చి, భూతద్దం కాగితాన్ని మేస్త్రమ్మ చేతిలో పెట్టింది. మేస్త్రమ్మ దూరంగా పట్టుకుని చదివింది. మొదటి వరుస చదివేసరికి ఆవిడ రంగు మారిపోయింది. కాగితం మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"అయ్యో," అంది. "అయ్యో, ఇదా! ఇలాంటిదని తెలిస్తే నేను... నువ్వు ఇంటికెళ్ళు. ఒళ్ళు చూసుకో. నేను పైవాళ్ళతో మాట్లాడతాను. ఇలాంటి ఒంట్లో పనేమిటి నీకు, పాపం!"

ఇదొక్కటే తక్కువైంది. నిన్నటిదాకా రోగం అంటుకుంటుందని లేపేశారు, ఇవాళ అంటుకోదు గనక జాలిపడి లేపేస్తున్నారు. ఎటు తిరిగినా కుర్చీ మాత్రం పోవాల్సిందేనా? భూతద్దానికి నిన్నంతా రాని కోపం ఇప్పుడొచ్చింది.

"కాగితం ఇలా ఇయ్యి."

కాగితం తీసుకుని హాలు మధ్యకి వచ్చి నిలబడింది. కుట్టు మిషన్ల వాళ్ళూ, కత్తెరల వాళ్ళూ, జిగురు డబ్బాల వాళ్ళూ అందరూ తలెత్తారు. చదివింది. "రొమ్ము క్యాన్సరు చర్మానికి వ్యాపించినది. ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకున్నా, పక్కన కూర్చున్నా, ఒకే గ్లాసుతో తాగినా ఎవరికీ రాదు. ఈమె తన పని తాను చేసుకోవచ్చును." కాగితం దించకుండా మొదటి నుంచి మళ్ళీ చదివింది, ఈసారి ఇంకా గట్టిగా.

"ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యాలి? రోజంతా దాన్నే చూసుకుంటూ కూర్చోనా?" అంది మేస్త్రమ్మ వైపు తిరిగి. "ఆసుపత్రికి వెళ్ళిన రోజు రాను. ఒంట్లో బాగోలేని రోజు రాను. మిగతా రోజులు వస్తాను. రాయించుకొస్తే నా బల్ల నాదన్నావు. రాయించుకొచ్చాను."

మేస్త్రమ్మ కిటికీ పక్క బల్ల వైపు తిరిగింది. జిగురావిడే కుర్చీలోంచి లేచింది. తలెత్తకుండా తన డబ్బాల దగ్గరికి వెళ్ళిపోయింది. భూతద్దం కూర్చుని, కుర్చీ ఎత్తు సరిచేసుకుని, మొదటి తోలు బల్ల మీదికి లాక్కుంది. పదిమందీ చూస్తున్నారని తెలుసు. చూస్తే చూడనీ అనుకుంది. తోలు తెల్లటి వెలుతుర్లో పరుచుకుంది, వేళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి.

రెండో తోలు సగంలో ఉండగా మేస్త్రమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఒకసారి బట్టల గదిలోకి రా."

"మళ్ళీ ఏమిటి?"

"రా, చెప్తాను."

గదిలోకి వెళ్ళాక మేస్త్రమ్మ తలుపు వేసి, వీపు దానికి ఆనించి నిలబడింది. హాలంతా గడగడలాడించే మనిషి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏప్రాన్ అంచు నలుపుతోంది.

"నాకూ ఒకటుంది," అంది చివరికి. "ఎడమవైపు. రెండేళ్ళయింది. మా ఆయనకి కూడా చెప్పలేదు. నీ వంటి మీద ఏదో ఉందని విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. నీ మొహం చూస్తే అదే గుర్తొచ్చేది. అందుకే లేపేశాను నిన్ను. అంటుకుంటుందని కాదు."

భూతద్దానికి అనడానికి బోలెడన్ని మాటలు నోటిదాకా వచ్చాయి. వారం రోజుల ప్యాకింగు, ఎర్రదారం గ్లాసు, అన్నీ వచ్చాయి. అన్నీ మింగేసింది. చేతులు కడుక్కుని తుడుచుకుంది.

"చూపించు."

గడ్డ వేలికి దొరికింది. నున్నగా, గుండ్రంగా ఉంది. నొక్కితే చేపపిల్లలా పక్కకి జారింది, వదిలితే వెనక్కి వచ్చింది. ఎక్కడా పట్టుకుని లేదు, వేలికి ఎదురు తిరగలేదు. ఏం కాదు ఇది అని ఆవిడ మనసుకి తోచింది. ఏం కాదులే అని చెప్పేస్తే ఎదుటిమనిషి ప్రాణం లేచొస్తుంది. లేదా, నీ పాపం పండిందని ఒక్క చూపు చూస్తే చాలు, వారం రోజుల కసీ తీరిపోతుంది. రెండూ నాలుక చివరే ఉన్నాయి.

"ఏమిటి? చెప్పు. ఏం కాదు కదూ?"

"ఆ మాటే నాకూ చెప్పారు, ముట్టుకోకుండా. నేను ముట్టుకుని కూడా చెప్పను. నా వేళ్ళకి తోళ్ళు తెలుసు, నీ గడ్డ తెలియదు. సూది పెట్టి చూసినవాళ్ళు చెప్పాలి. ఏప్రాన్ విప్పు, వెళ్దాం."

"ఇప్పుడా? ఇవాళ లోడు వెళ్ళాలి!"

"వెళ్తుంది. లోడుకి లారీ ఉంది. నీకెవరున్నారు?"

"హాల్లో ఏమని చెప్పను?"

"నా సంగతి ఏమని చెప్పావు? నాలుగు బల్లలకి వినపడేలా చెప్పావుగా. నీదీ అలాగే చెప్పు."

మేస్త్రమ్మ ఒక్క క్షణం కొట్టేలా చూసింది. తర్వాత తలుపు తీసింది. హాలు మధ్యలో, ఇందాక భూతద్దం నిలబడిన చోటే నిలబడి, ఏప్రాన్ ముడి విప్పుతూ అంది. "నా రొమ్ములో గడ్డ ఉంది. చూపించుకోడానికి వెళ్తున్నాను. ఎప్పుడొస్తానో తెలియదు. మీ పని మీరు చేసుకోండి."

ఒకటి తర్వాత ఒకటిగా మిషన్లు ఆగిపోయాయి. జిగురావిడ కుంచె డబ్బాలో పెట్టి, చేతులు ఏప్రాన్‌కి రాసుకుంటూ నాలుగడుగులు ముందుకొచ్చింది.

"నేనూ రానా?" అంది భూతద్దంతో. ఆ వారంలో ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అదే. "ఇరవయ్యేళ్ళ జిగురు ఇది. ఈ వేళ్ళకి వేడి కూడా తెలియదు. ఇంట్లో తడుముకుని చూసుకోమని అందరికీ చెప్తారు. నాకేం తెలుస్తుంది? నీవి చూసినప్పటి నుంచి... నాకు ఉన్నా తెలియదు కదా అని..."

తనని లేపేసినావిడ ఒకవైపు, తన కుర్చీలో కూర్చున్నావిడ ఇంకోవైపు. భూతద్దం సగం చూసిన తోలు మీద గుడ్డ కప్పి, చొక్కా గుండీలు సరిచూసుకుంది. గాటు పెట్టిన చోట కుట్టు చురుక్కుమంది. మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు తనతో ఇలా ఎవరైనా వచ్చి ఉంటే ఎంత బావుండేదో అనుకుంది. ఎవరూ రాలేదు. సరే, వీళ్ళతో తను వెళ్తుంది.

"పదండి," అంది. "లోపలికి వెళ్ళాక అనాల్సిన మాట ఒక్కటే. ముట్టుకుని చెప్పండి, అంతే. ముట్టుకునేదాకా స్టూలు మీద నుంచి లేవద్దు. అరవైమంది తోసినా సరే."

ముగ్గురూ గేటు దాటారు. రోడ్డు మీదికి వచ్చాక మేస్త్రమ్మ అడుగులు నెమ్మదించాయి. భూతద్దం చెయ్యి పట్టుకుంది.

"నీకు భయం లేదటే?"

"లేకేం? చచ్చేంత ఉంది," అంది భూతద్దం. "నడువు."